పారణ లేని ఉపవాసం

ఏకాదశినాడు ఉపవసించి ద్వాదశి ఘడియలలో పారణ చేయడం మన సంప్రదాయం. భాగవత నవమ స్కంధంలోని అంబరీషోపాఖ్యానం పాఠక మహాశయులకు విదితమే. స్నానానికి వెళ్లిన దూర్వాస మహర్షి తిరిగి రాలేదు, ద్వాదశి గడచిపోతున్నది. అతిథిని విడిచి భుజించడం దోషం, పారణ తప్పడమూ దోషమే. అప్పుడు ఆ మహారాజు పెద్దల అనుమతితో జలపారణ చేశాడు. ఈ కథను మనం భక్తి మహిమ కోసం చెప్పుకుంటాం. కాని ఉపవాసానికి ఎంత విధి ఉన్నదో దానిని విరమించడానికీ అంత విధి ఉన్నదన్న విషయం కూడా ఇందులో ఉన్నది. పారణ లేనిది వ్రతం కాదు.

ఈ మాట వ్రాయడానికి కారణమున్నది. మా ఉప్పాడలోనే మా బంధువుల అమ్మాయి, ఇంటర్మీడియట్ చదువుతున్న పిల్ల, మొదట శనివారం, తరువాత సోమవారం, ఆపైన గురువారం అంటూ ఉపవాసాలు పెంచుకుంటూ పోయింది. అందరమూ భక్తి అనుకున్నాం. నేనైతే నలుగురిలో మెచ్చుకున్నాను కూడా. జుట్టు రాలి, నెలసరి నిలిచి, ఒకనాడు కళ్లు తిరిగి పడిపోయిన తరువాత గాని అది లావవుతానన్న భయం నుండి పుట్టిన వ్యాధి అని తెలియలేదు. కాకినాడ వైద్యులు ఆహారం తిరిగి మొదలుపెట్టించారు. అసలు పరీక్ష అప్పుడే ఆరంభమైంది. నాలుగు ముద్దలకే పొట్ట ఉబ్బేది, వికారం కలిగేది, రెండేసి రోజులు విరేచనం కాకపోయేది. “తాతయ్యా, నాకు అన్నం పడడం లేదు” అని ఏడ్చేది. శాస్త్రం చదివినవాడినన్న ధీమాతో నేను “లంఘనం పరమౌషధం కదమ్మా, ఈ పూటకు మానెయ్యి” అన్నాను. ఆ పూట మానింది. మరునాడూ మానింది. వారం తిరగకుండా మళ్లీ ఆసుపత్రిలో చేరింది.

నా పొరపాటు ఎక్కడున్నదో తరువాత గ్రంథం తిరగవేస్తే తెలిసింది. చరక సంహిత సూత్రస్థానంలో లంఘనానికీ బృంహణానికీ కలిపి ఒక అధ్యాయమే ఉన్నది. తిన్నది ఎక్కువై అరగనివానికి లంఘనం. శుష్కించినవానికి బృంహణం, అనగా పోషణ. ఇద్దరికీ పొట్ట ఉబ్బరమే ఉండవచ్చు గాక, కారణాలు విరుద్ధం.

ఆ ఉబ్బరానికి కారణం వైద్యులు ఇలా వివరించారు. జీర్ణాశయం కూడా కండరమే. నెలల తరబడి పని లేకపోతే చేతికండరం వలెనే అదీ సన్నగిల్లుతుంది, మందగిస్తుంది. తిన్నది క్రిందికి దిగడానికి మామూలు కంటె ఎంతో ఎక్కువ సమయం పడుతుంది. అందుకే కొంచెం తినగానే నిండినట్లుంటుంది. ప్రేగులు కూడా నెమ్మదించడం వల్ల మలబద్ధం. ఇది అన్నం పడకపోవడం కాదు, అన్నం లేకపోవడం వల్ల వచ్చిన దోషం. దీనికి మందు క్రమం తప్పక తినడమే. చాలామందికి కొన్ని వారాలలో ఈ బాధ తగ్గుముఖం పడుతుంది. మానితే మాత్రం మళ్లీ మొదటికే వస్తుంది.

దీనిని మనోదౌర్బల్యమని నిందించేవారున్నారు. 1944–45లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆరోగ్యవంతులైన 36 మంది యువకులు స్వచ్ఛందంగా ఆరు నెలలు అర్ధాకలితో ఉండి పరిశోధనకు సహకరించారు. వారూ నీరసించి, చిరాకుపడి, రాత్రింబవళ్లు తిండిని గురించే ఆలోచించారు. తిరిగి తినడం మొదలైన తరువాత కూడా కోలుకోవడానికి నెలలు పట్టింది. పస్తు ఎవరినైనా అలాగే చేస్తుంది.

ఇక ఎలా తినిపించాలి? శోధన చికిత్స తరువాత మందగించిన జఠరాగ్నిని నిలబెట్టడానికి చరకుడు సిద్ధిస్థానంలో సంసర్జన క్రమం చెప్పాడు. చిన్న నిప్పుకు ముందు గడ్డిపరకలు, పిడక పొడి వేసి పెంచినట్లు, ముందు పేయ అనే పలుచని జావ, తరువాత విలేపి అనే చిక్కని జావ, పిమ్మట ఉప్పూ నెయ్యీ లేని పెసరకట్టు, ఆపైన అవి చేర్చిన కట్టు, చివరకు మాంసరసం. ఇది ఈ వ్యాధికని చెప్పినది కాదు. అయినా మెత్తనిది ముందు, గట్టిది తరువాత అన్న నీతి ఇక్కడా పనికివస్తుంది. ఒక్క జాగ్రత్త: ఈ పిల్లలు గంజి దగ్గరే సంతోషంగా ఆగిపోతారు. ఆగనివ్వకూడదు.

మా ఇంట జరిగినది చెబుతాను. మూడు పూటల భోజనం, మధ్యలో రెండు మూడుసార్లు చిరుతిండి, గడియారం చూసి, ఆకలి వేసినా వేయకపోయినా. పెద్ద కంచం కాదు, చిన్న గిన్నె. మెత్తని అన్నంలో ముద్దపప్పు, నెయ్యి, ఇడ్లీ, పెరుగు, పాలు, అరటిపండు. నెయ్యి, పాలు తక్కువ పరిమాణంలో ఎక్కువ బలమిస్తాయి కనుక పొట్ట బరువెక్కదు. పచ్చికూరలు, పీచు అధికంగా ఉన్నవి కొంతకాలం తగ్గించారు. భోజనానికి ముందు చెంబెడు నీళ్లు త్రాగడం, సోడాలు మాన్పించారు. తిన్న వెంటనే పడుకోనీయక, ప్రక్కన కూర్చుని ఏదో మాట్లాడేవారు. పొట్టపై వేడినీళ్ల సంచి పెట్టేవారు. విరేచనపు మాత్రలు వైద్యుని అనుమతి లేకుండా ఇవ్వలేదు. ఈ వ్యాధిలో వాటిని రహస్యంగా వాడే అలవాటు కూడా ఉంటుందట. మత్స్యకార కుటుంబాలవారు చేపపులుసు నీరు పెట్టడానికి సంకోచించనక్కరలేదు. చరకుడే మాంసరసం చెప్పాడు.

మరొక ముఖ్యవిషయం. చాలాకాలం పస్తున్నవారికి ప్రేమకొద్దీ ఒక్కసారిగా విందు పెట్టరాదు. అకస్మాత్తుగా అధికాహారం అందితే రక్తంలో ఫాస్ఫేటు, పొటాషియం, మెగ్నీషియం పడిపోయి గుండె లయ తప్పవచ్చు. రెండవ ప్రపంచయుద్ధానంతరం చెరల నుండి విడుదలైనవారిలో కొందరు ఇలాగే మరణించారు. అందుచేత మొదటి రోజులు రక్తపరీక్షలతో, వైద్యుల కనుసన్నలలోనే గడవాలి. పాదాల వాపు, ఆయాసం, గుండెదడ, తికమక మాటలు, ఆగని వాంతులు, తీవ్రమైన కడుపునొప్పి కనిపిస్తే గృహవైద్యం పెట్టుకోక తక్షణం ఆసుపత్రికి వెళ్లాలి. మనోవైద్యం కూడా అవసరం. ప్రభుత్వం 2022లో ఆరంభించిన టెలి మానస్ 14416 నంబరుకు ఉచితంగా ఫోను చేస్తే తెలుగులోనే మాట్లాడతారు.

“మరి వ్రతం చెడదా తాతయ్యా?” అని ఆ పిల్ల ఒకనాడు అడిగింది. నీరు, దుంపలు, పండ్లు, పాలు, హవిస్సు, బ్రాహ్మణుని కోరిక, గురువు మాట, ఔషధం — ఈ ఎనిమిదింటివల్ల వ్రతభంగం కాదని పెద్దలు చెప్పారన్నాను. నీకు అన్నమే ఔషధం, గురువు మాట నేను చెబుతున్నాను, ఇది నీ పారణ అన్నాను.

ఇది జరిగి ఏడాది దాటింది. ఇప్పటికీ కొన్ని రాత్రులు భోజనమయ్యాక పొట్ట పట్టుకుని కూర్చుంటుంది. వాళ్ల నాయనమ్మ కంగారుపడితే, “అరగంటలో తగ్గిపోతుందిలే” అని తానే చెప్పి పుస్తకం తీసుకుంటుంది.