కొలువునకు వచ్చిన రైలుబండి

సంక్రాంతికి బొమ్మలకొలువు తీర్చుట మన తెలుగింటి ఆడువారికి తరతరములుగా వచ్చుచున్న వేడుక. మెట్లపై దేవతలను, రాజులను, పెండ్లివారిని నిలిపిన పిమ్మట క్రింది నేలమీద ఒక చిన్న ఊరిని కల్పింతుము. ఇసుకతో బాటలు తీర్తుము. అద్దపుముక్క చెఱువగును. పది దినములు ముందుగా చల్లిన ఆవాలు మొలచి పైరగును. మట్టిముద్ద కొండయగును. ఈ పనిని మన తల్లులు ఏ పాఠశాలయందును నేర్చినవారు కారు. చేయి చూచి చేయి నేర్చినది.

ఈ విద్యయే పాశ్చాత్యదేశములలో మఱియొక రూపమున పెరిగి, పెద్దలు సయితము ఏండ్ల తరబడి సాధన చేయు కళయైనది. చిన్న రైలుబండికి తగినట్లు కొండలు, వంతెనలు, సొరంగములు, ఇండ్లు నిర్మించుటయే ఆ కళ. జర్మనీదేశపు మెర్క్లిన్ సంస్థవారు 1891లో లీప్జిగు సంతయందు పట్టాలతో కూడిన ఆటబండ్లను ప్రదర్శించిరి. హాంబర్గు నగరమున 2001లో తెఱచిన ప్రదర్శనశాలలో దేశదేశముల దృశ్యములే ఇట్లు నిర్మింపబడినవి. మనదేశమున పూనా నగరమందు జోషీగారి చిన్నరైళ్ల ప్రదర్శనశాల 1998 నుండి ప్రసిద్ధము. అయినను మన ఇండ్లలో దీనిని మగపిల్లల ఆటయని తలచి, మనము గడపవద్దనే నిలిచి చూచుచున్నాము. అది ఎంత పొరపాటో మా ఇంట నాకు తెలిసివచ్చినది.

రెండేండ్ల క్రిందట మా తమ్ముడు జర్మనీనుండి వచ్చుచు మా అబ్బాయికి ఒక రైలుబండి పెట్టెను తెచ్చియిచ్చెను. ఇంజను, నాలుగు పెట్టెలు, గుండ్రని పట్టాలు, మంచు జారిపోవుటకై నిట్టనిలువుగా కట్టిన కప్పుగల ఒక కాగితపు ఇల్లు అందుండెను. అబ్బాయి వారము దినములు బండిని త్రిప్పి త్రిప్పి విసివి బంతి పట్టుకొని వీధిలోనికి పోయెను. పదునొకండేండ్ల మా అమ్మాయి మాత్రము పట్టాలప్రక్కన కూర్చుండి, “అమ్మా, ఈ బండి ఏ ఊరికి పోవుచున్నది?” అని యడిగెను. నేను నవ్వితిని గాని, ఆ రాత్రి ఆలోచింపగా పిల్ల యడిగినదే సరియైన ప్రశ్న యని తోచినది. పోవుటకు ఊరు లేని బండి ఎంతసేపు తిరిగినను తిరుగలియే కదా!

“ఆడపిల్లకు రైలుబండి యేల?” అని మా అత్తగారు గొణిగిరి. నేను మాఱుపలుకక ఒక ప్లైవుడ్డు పలక తెప్పించితిని.

కొలత

ఈ చిన్నబండ్లలో మిక్కిలి వాడుకలోనున్నది నిజపు బండిలో 87వ వంతు. అనగా ఆరడుగుల వాకిలి 21 మిల్లీమీటర్లు. పదునైదు మీటర్ల తాడిచెట్టు సుమారు 17 సెంటీమీటర్లు. ఇంతవరకు సులభమే. కాని ఈ లెక్కను అన్నిటికిని పట్టించినచో ఇల్లు చాలదు. నాలుగువందల మీటర్ల ప్లాట్‌ఫారమునకు పదునైదడుగులు కావలెను. విశాఖపట్టణమునుండి అరకునకు రైలుదారి సుమారు 130 కిలోమీటర్లు. దానిని 87వ వంతు చేసినను ఒకటిన్నర కిలోమీటరు. ఆ దారిలోని శిమిలిగుడ స్టేషను సముద్రమట్టమునకు సుమారు 996 మీటర్ల యెత్తున నున్నది. దానికి మూడంతస్తుల మేడకంటె ఎత్తైన బల్ల కావలసివచ్చును!

కావున మనుష్యులను, వాకిండ్లను, బండ్లను లెక్కప్రకారము చేసి, కొండలను, దూరములను కుదింపవలెను. ఏది ఉంచవలెను, ఏది విడువవలెను అనునదే ఈ విద్యలోని సగము పని. మేము కూర్చుండి మా ఊరిని ఐదు వస్తువులతో చెప్పవలెనని నిశ్చయించుకొంటిమి: ఓడరేవు, తాళ్లతోకూడిన ఎఱ్ఱనేల, ఒక సొరంగము, ఒక లోయవంతెన, ఒక చిన్న స్టేషను.

మాకు మాదిరియైనది కొత్తవలస–కిరండూలు మార్గము. బైలదిల్లా కొండల ఇనుపరాతిని విశాఖ రేవుద్వారా జపాను దేశమునకు పంపుటకై 1960వ దశాబ్దమున ఈ దారిని వేసిరి. 1933లో తెఱచిన రేవునకు అది నూతన ప్రాణము పోసినది. తూర్పుకనుమలను చీల్చికొనుచు పోవు ఆ దారిలో 58 సొరంగములున్నవి. బొఱ్ఱాగుహలకు, అరకునకు పోయినవారందఱు వానిని లెక్కించినవారే.

కొండయు లోయయు

ఆ మార్గపు ఎక్కుడు అరువదింటికి ఒకటి. మన బల్లమీద ఐదడుగుల పట్టాకు ఒక్క అంగుళమన్నమాట. ఒక పట్టాపై నుండి మఱియొక పట్టా దాటవలెనన్న మూడంగుళములకు మించిన ఎత్తు కావలెను. ఎనిమిదడుగుల బల్లపై అంత దూరము దొరకదు. దీనికొక చక్కని ఉపాయము కలదు: పట్టాను ఎత్తవలదు, నేలను దింపవలెను. మేము పలకలో మూరెడు భాగమును కోయించి, దాని క్రింద జానెడు లోతున మఱియొక పలకను బిగించితిమి. బండి సమతలముననే పోవును. చూచువారికి మాత్రము లోయపై ఆకాశమార్గమున పోవుచున్నట్లుండును.

మొదటి కొండను పాతపత్రికలతోను, మైదాజిగురుతోను చేసితిమి. చూచుటకు ముచ్చటగా నుండెను. శ్రావణమాసపు సముద్రపుగాలి తగులగానే బూజుపట్టెను, చీమలు చేరెను, ఒకనాటి యుదయమున కొండ మోకాళ్లపై కూలినట్లు సొరంగముమీద కూలియుండెను. అమ్మాయి కంట తడిపెట్టినది. “కొండకూడ ఉడకబెట్టిన పిండియేనా?” అని అత్తగారు నవ్విరి. ఆ జిగురులో చిటికెడు మైలుతుత్తము కలుపవలసినది. కాని అది విషము, పిల్లలచేతికి ఈయరాదు.

రెండవసారి వెదురుబద్దలను విల్లువలె వంచి, అడ్డముగా అల్లి, పాత నూలుచీర ముక్కలను ప్లాస్టరు ద్రావణములో ముంచి పఱచితిమి. నీటిలో ప్లాస్టరుపొడిని కొంచెము కొంచెముగా చల్లవలెను గాని పొడిపై నీరు పోయరాదు. చేతులకు తొడుగులు వేసికొనవలెను. కొద్ది నిమిషములలోనే అది గట్టిపడును గనుక ఒక్కసారి ఎక్కువ కలుపరాదు. మిగిలినదానిని తూములో పోసినచో తూమే మూసికొనిపోవును. థర్మోకోలుతో కొండ చేయువారు స్ప్రే రంగులను వాడరాదు. అవి దానిని కరగించివేయును.

సొరంగపు వాకిలి పట్టాకు మూడంగుళముల ఎత్తుండవలెను. లోపల నల్లరంగు పూయవలెను. కొండ వెనుకభాగమును తెఱచియే ఉంచవలెను. ఏలయన బండి పట్టాతప్పుట ఎప్పుడును సొరంగములోననే జరుగును!

రంగులు, చెట్లు

పెట్టెలో వచ్చిన పచ్చనిపొడి చల్లగానే మా కొండ జర్మనీ కొండవలె కనబడెను. అప్పుడు మా వాకిటినుండి కైలాసగిరివైపు చూచితిమి. మన కొండలు అంత పచ్చన కావు. తూర్పుకనుమలలో విస్తారముగానుండు ఖొండలైటు రాయి (ఈ కొండలలో వసించు ఖోందుల పేరే దానికి పెట్టిరి) ఎండకు వానకు క్షీణించి ఎఱ్ఱబాఱును. కనుక ముందు జేగురురంగు, దానిపై పలుచని మసిరంగు, ఎత్తుపల్లముల గట్లపై మాత్రము లేతరంగు పూసితిమి. నేలకు మా పెరటిమన్నునే ఎండబెట్టి, పలుచని బట్టతో జల్లించి చల్లితిమి. భీమునిపట్టణపు దారిలోని ఎఱ్ఱమట్టిదిబ్బల మన్ను తెచ్చుకొనవచ్చునని ఎవరైన చెప్పినచో వినరాదు. అవి భూచరిత్రకు సాక్షులుగా కాపాడవలసిన దిబ్బలు.

మన్ను అంటుకొనుటకు ఫెవికాలునందు సమానముగా నీరు, ఒక్క చుక్క అంట్లుతోము సబ్బునీరు కలిపి, మందుచుక్కల గొట్టముతో వేయవలెను. సబ్బు లేనిచో నీరు పైననే గుండ్లుకట్టును. అంతకుముందే పట్టాలపై కాగితపుపట్టీలు అంటింపవలెను. పట్టాపై జిగురు పడినచో విద్యుత్తు అందక బండి నిలిచిపోవును.

పచ్చదనమునకు రంపపుపొట్టును పసుపులో ముంచి నీలిమందు కలిపితిని. నాకు నేనే మెచ్చుకొంటిని. రెండునెలలు తిరుగకముందే కిటికీవైపునున్న పొలమంతయు వెలవెలబోయి నీలిబాఱినది. పసుపు ఎండకు నిలువదని బట్టలుతుకు మనకు తెలియనిదా! పిమ్మట బట్టలరంగు వాడితిమి. ఏటికొప్పాక నిపుణులు అంకుడుకఱ్ఱ బొమ్మలకు గింజలు, బెరడులు, వేళ్లనుండి తీసిన రంగులను లక్కలో కలిపి పూయుదురు. ఆ రంగులను పునరుద్ధరించిన సి. వి. రాజుగారికి 2023లో పద్మశ్రీ లభించినది. ఆ చిన్న కఱ్ఱబొమ్మలు కొన్ని మా స్టేషనులో ప్రయాణికులైనవి.

చెట్లకై అంగడికి పోనక్కఱలేదు. ఎండిన మామిడిపూత కాడలు కొమ్మలతోకూడిన చెట్లే. ముదిరిన బీరకాయ పీచును ముక్కలుచేసి రంగువేసిన కొండపొదలగును. కొబ్బరిపీచు ఎండుగడ్డి. కాచి వడపోసిన తేయాకు ఎండిన పిమ్మట దున్నిన నేల. తాటిచెట్టునకు చీపురుపుల్లల కట్ట బోదె. విసనకఱ్ఱవలె మడిచి కత్తిరించిన కాగితము ఆకు. సముద్రమునకు చదునైన పలకపై లోతున ముదురునీలము, ఒడ్డున లేతపచ్చ పూసి, వార్నిషు మూడుమాఱులు వేసి, నురుగుకు దూదిపోగులు అంటించితిమి. గూడ్సుపెట్టెలలోని ఇనుపరాయి ఇటుకపొడిలో దీపపుమసి కలిపినదే.

ఇండ్లు

పెండ్లి శుభలేఖల అట్టలను పాఱవేయకుడు. వానికంటె మంచి గోడలు లేవు. సామానుల పెట్టెల ముడుతల అట్టపై కాగితపు పొరను తడిపి ఊడదీసినచో పెంకుటింటి కప్పు సిద్ధమగును. దానికి జాజురంగు. ముందు అరుగు, అరుగునకు సున్నము, గడపకు పసుపు. స్టేషనుకు పసుపుపచ్చని పలకపై నల్లని అక్షరములతో మూడు భాషలలో పేరు, దాని క్రింద సముద్రమట్టమునుండి ఎత్తు వ్రాసినంతనే అది మనదేశపు స్టేషనైపోవును.

అన్ని ఇండ్లును అయిన పిమ్మట అమ్మాయి ఒక చోటు ఖాళీగా ఉంచినది. మా అత్తగారి పుట్టినూరు సముద్రమునకు దగ్గఱ నుండెడిది. ఏబదియేండ్లనాడు ఒక పెద్ద నిర్మాణమునకై ఆ పల్లెను ఖాళీచేయించిరి. ఇల్లు లేదు, చెఱువు లేదు, ఒక ఛాయాచిత్రము కూడ లేదు. పిల్ల కాగితము, పెన్సిలు పట్టుకొని నాయనమ్మ మంచము ప్రక్కన కూర్చుండెను.

“నాయనమ్మా, మీ ఇంటికి ఎన్ని దూలములు? అరుగులు రెండా, ఒకటా? నుయ్యి ఏ వైపున?”

మొదటి రెండింటికి ఆమె వెంటనే చెప్పిరి. నూతిదగ్గఱ తడబడిరి. కొంతసేపు కన్నులు మూసికొనియుండి, మంచము దిగి, ఎడమచంకన బిందెయున్నట్లు చేయి మడిచి, గడప దాటినట్లు ఒక అడుగు వేసిరి. రెండవ అడుగు తనంతట కుడివైపు తిరిగెను.

“కుడివైపే, తల్లీ. చింతచెట్టు నీడ మధ్యాహ్నము దానిమీద పడెడిది” అనిరి.

ఆ నుయ్యి మందుసీసా మూతయే. చింతచెట్టు మామిడిపూత కాడయే. కాని అత్తగారు ఆ కప్పు వాలును నాలుగుమాఱులు దిద్దించిరి. పెరటి గోడకు గోరంత మాఱేడుచెట్టు పెట్టించిరి. ఆడపిల్లకు రైలుబండి యేలయన్న మాట మఱల ఆమె నోట రాలేదు.

ఆ సంక్రాంతికి పేరంటమునకు వచ్చినవారు మెట్లమీది బొమ్మలను చూచి, క్రిందికి చూచి, నేలమీదనే కూర్చుండిపోయిరి. అబ్బాయి బంతి మఱచి మీటవద్ద చేరెను. బండి రేవునొద్ద బయలుదేరి, ఎఱ్ఱనేల దాటి, సొరంగమున దూఱి, లోయపై వెలువడి, ఆ పెంకుటింటి యెదుట నిలిచెను. అక్కడ అమ్మాయి చిన్న పలకతో ఒక స్టేషను నిలిపియుండెను.

“మా ఊరికి రైలెన్నడును రాలేదే!” అనిరి అత్తగారు.

“ఇప్పుడు వచ్చినది, నాయనమ్మా” అనెను పిల్ల.

సోదరీమణులారా, దీనికి పెద్దబల్లయు, విదేశపు పెట్టెయు కావలెనని వెనుదీయకుడు. పళ్లెమంత పలకమీద ఒక ఇల్లు, ఒక నుయ్యి, ఒక చెట్టు చాలును. పట్టాలు పిమ్మట వేయవచ్చును. కాని ఇంటిలో పెద్దలున్నచో ఆలసింపక, వారి పుట్టినూరు ఎట్లుండెడిదో నేడే అడుగుడు. నుయ్యి ఏ వైపుననో ఎఱిగినవారు మనతో ఎల్లకాలము ఉండరు.