తిరిగొచ్చేదెంత, పోయేదెంత

సికింద్రాబాద్‌ క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్బు మీద పోలీసులు పెట్టిన కేసులో 1967లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. రమ్మీ ప్రధానంగా నేర్పు మీద నడిచే ఆట అన్న మాటే అందరికీ గుర్తుండిపోయింది. అదే తీర్పులోని ఇంకో మాటను పెద్దగా ఎవరూ తలవరు. పందెం కాసే ఆట మీద ఇంటి యజమానో క్లబ్బో లాభం తీసుకుంటుంటే నేరం రుజువయ్యే వీలుందని కోర్టు చెప్పింది. ఆడించేవాడు ఎంత తీసుకుంటున్నాడన్నది అంత ముఖ్యం. కాకుమానులోనో బాపట్లలోనో పగలంతా పనిచేసి రాత్రిళ్లు ఫోన్లో పోకర్ ఆడే కుర్రాడు బోనస్ మేలా, రేక్‌బ్యాక్ మేలా అని లెక్కలు వేసుకుంటూ మరిచిపోయేది దీన్నే.

పాట్‌లోంచి, అంటే పందేలుగా పోగైన మొత్తంలోంచి, యాప్ తీసుకునే కమీషనే రేక్. అందులో కొంత శాతం వారానికో నెలకో తిరిగి జమచేస్తే రేక్‌బ్యాక్. డిపాజిట్ వేసేటప్పుడే పెద్ద మొత్తం చూపించి, రేక్ కట్టేకొద్దీ కొంచెం కొంచెంగా విడుదల చేస్తే బోనస్. రెండూ ఆటగాడు కట్టిన డబ్బులోంచే వస్తాయి. పదివేల డిపాజిట్‌కు పదివేల బోనస్, వంద రూపాయల రేక్‌కు పది రూపాయల విడుదల, 60 రోజుల గడువు అనుకుందాం. మొత్తం చేతికి రావాలంటే లక్ష రూపాయల రేక్ కట్టాలి. నెలకు 2,000 కట్టేవాడికి గడువులోగా దక్కేది 400. మిగతా 9,600 మురిగిపోతుంది. అదే 30 శాతం రేక్‌బ్యాక్ అయితే 1,200 వస్తుంది. అలాగని బోనస్ ఎప్పుడూ దండగ కాదు. 2,000 బోనస్ వందకు నలభై చొప్పున విడుదలైతే అదే 60 రోజుల్లో 1,600 వస్తుంది. పేరు ఏదైనా, వందకు ఎంత, ఎన్నాళ్లలో అన్నదే చూడాలి. తీరిక తక్కువున్నవాడికి గడువే అసలు శత్రువు. మురిగిపోతుందన్న బెంగతో కళ్లు మూతలు పడుతున్నా ఇంకో గంట కూర్చుంటాడు. ఆ గంటలో పోగొట్టుకున్నది బోనస్ లెక్కలో ఎక్కడా కనపడదు. ఇక ఆ 1,600 కూడా 4,000 రేక్ కట్టాక వచ్చిందే.

నేర్పున్నవాడికి ఇది అదనపు రాబడే కదా అంటారు. రేక్ పోను సరిసమానంగా నిలిచే ఆటగాణ్ని రేక్‌బ్యాక్ లాభంలోకి తీసుకెళ్లగలదు, ఒప్పుకుంటాను. కానీ పన్నుల మాటేమిటి? 2023 ఏప్రిల్ నుంచి నికర గెలుపు మీద 30 శాతం టీడీఎస్. అదే ఏడాది అక్టోబరు 1 నుంచి 2025 సెప్టెంబరు వరకు డిపాజిట్ మొత్తం మీద 28 శాతం జీఎస్టీ ఉండేది. పన్నుతో కలిపి 1,000 వేస్తే ఆటకు మిగిలేది 781 రూపాయల పాతిక పైసలు. పలు యాప్‌లు ఆ తేడాను బోనస్‌గా జమచేశాయి. కానుకలా కనిపించినది పన్నుగా పోయినదానికి పూడిక మాత్రమే.

ఆంధ్రప్రదేశ్‌లో ఈ ఆట 2020 నుంచే నిషిద్ధం; ఆడినవాడికి ఆరు నెలల వరకు జైలు. 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం దేశమంతటా డబ్బుతో ఆడించే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది, పోకర్‌బాజీ లాంటి పెద్ద సంస్థలు నగదు ఆటలు ఆపేశాయి. అయితే ఇంకా ఈ లెక్కలెందుకని అడగొచ్చు. విదేశీ యాప్‌లు, ఏజెంట్లు నడిపే ప్రైవేటు క్లబ్బులు ఇంకా పెద్ద పెద్ద శాతాలు ఆశచూపుతున్నాయి కనుక. అక్కడ రేక్‌బ్యాక్ అంటే ఏజెంటు నోటి మాట, డబ్బు వెళ్లేది ఎవరిదో తెలియని యూపీఐ ఐడీకి. బోనసైనా రేక్‌బ్యాకైనా తర్వాత ఇస్తామన్న బాకీయే. ఇవ్వనివాణ్ని నిలదీసే దారి ఉంటేనే దానికి విలువ. పందెం ఒప్పందాలు చెల్లవని 1872 కాంట్రాక్టు చట్టం 30వ సెక్షన్ ఎప్పుడో తేల్చేసింది. ఏజెంటు నంబరు బ్లాక్ చేసి మాయమైతే పోలీసు స్టేషన్‌కు వెళ్లాలి. అక్కడ రాసిచ్చే ఫిర్యాదులో, తానూ డబ్బు పెట్టి ఆడానని ముందుగా ఒప్పుకోవలసింది ఆ కుర్రాడే.