అరిసెలు ఆలస్యమైతే

బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులేస్తే అరిసెలు, గడప దాటితే గారెలు. పసిబిడ్డ చేసే ప్రతి కొత్త పనికీ తెలుగిళ్లలో మూకుడు పొయ్యెక్కాల్సిందే. డాక్టర్లు ఎదుగుదల మైలురాళ్లు అనేవి కూడా ఇవే. ఏ పనికి ఏ వంట చేయాలో అమ్మమ్మలకు బాగా తెలుసు. వంట చేయాల్సిన నెల దాటిపోయిందని గుర్తుపెట్టుకునే అలవాటు మాత్రం మనకు లేదు.

ఎంత దాటితే ఆలస్యం? భారత్‌తో సహా అయిదు దేశాల పిల్లలను గమనించి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో దీనికి లెక్క చెప్పింది. ఆరోగ్యంగా ఉన్న బిడ్డ ఆసరా లేకుండా కూర్చోవడం సుమారు 4 నుంచి 9 నెలల మధ్య జరుగుతుంది. తనంతట తాను నడవడం 8 నెలలకు మొదలుకొని ఏడాదిన్నర లోపు ఎప్పుడైనా కావచ్చు. కొందరైతే పారాడకుండానే లేచి నడుస్తారు. కాబట్టి పక్కింటి పాపతో పోల్చుకుని బెంగపడనక్కర్లేదు. కానీ ఇంత పెద్ద గడువు కూడా దాటిందంటే బిడ్డను డాక్టరుకు చూపించాల్సిందే.

అన్నిటికన్నా ఎక్కువ కాలం చేజారేది మాటల దగ్గర. రెండేళ్లు నిండినా ‘అమ్మా దా’, ‘పాలు తే’ అని రెండు మాటలు కలపని కొడుకును చూసి తల్లి గుబులు పడుతుంది. కరీంనగర్‌ పల్లెల్లో ఆమెకు దొరికే ఓదార్పు ఇలా ఉంటుంది: “వాళ్ల నాయిన గూడ గట్లనే ఆలిశంగ మాట్లాడిండు బిడ్డా, ఏం గాదు.” ప్రేమతో అనే మాటే, కొన్నిసార్లు నిజమూ అవుతుంది. అయితే ఈలోగా ఆ పిల్లాడికి వినబడుతోందో లేదో ఎవరూ చూడరు. తలుపు దడాలుమంటే తిరుగుతున్నాడు కదా అంటారు. నేల అదిరినా, నీడ కదిలినా కూడా తిరుగుతాడు. వెనక నిలబడి మెల్లగా పిలిస్తే తిరుగుతున్నాడా అన్నది చూడాలి. పుట్టిన నెలలోపు వినికిడి పరీక్ష, మూడు నెలల్లోపు నిర్ధారణ, ఆరు నెలల్లోపు చికిత్స మొదలు కావాలన్నది నిపుణులు పెట్టుకున్న గడువు.

ఎందుకింత తొందర? తొలి రెండు మూడేళ్లలో మెదడులోని కణాల మధ్య కొత్త లంకెలు అంతులేకుండా పుట్టుకొస్తాయి. వాడుకలో ఉన్నవి గట్టిపడతాయి, వాడనివి రాలిపోతాయి. శబ్దమే చేరని మెదడులో మాటకు దారి పడదు. పుట్టుకతో వచ్చే థైరాయిడ్‌ లోపం ఇంకా స్పష్టమైన ఉదాహరణ. ఆ లోపమున్న బిడ్డ పుట్టినప్పుడు చాలావరకు మామూలుగానే కనిపిస్తుంది. మడమ నుంచి నాలుగు చుక్కల రక్తం తీసి పరీక్షించి, రెండు వారాల్లోపు రోజుకో చిన్న మాత్ర నలిపి చెంచాడు తల్లిపాలలో పట్టడం మొదలుపెడితే తెలివితేటలు అందరిలాగే ఎదుగుతాయి. నెలలు గడిచాక అదే మాత్ర వేసినా, జరిగిన నష్టమంతా పూడదు.

ఎదుగుదలలో ఏదో ఒక ఇబ్బంది ఉన్న పిల్లలు అరుదేమీ కాదు. హైదరాబాద్‌తో సహా దేశంలో అయిదు చోట్ల 2–9 ఏళ్ల పిల్లలను పరీక్షించిన ఒక అధ్యయనం 2018లో వెలువడింది. వినికిడి లోపం, మూర్ఛ, ఆటిజం వంటి తొమ్మిది సమస్యల్లో కనీసం ఒకటి దాదాపు ప్రతి ఎనిమిది మందిలో ఒకరికి ఉన్నట్టు అందులో తేలింది.

కేంద్ర ప్రభుత్వం 2013లో మొదలుపెట్టిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం ఇలాంటి పిల్లలను గుర్తించడానికి కూడా ఊళ్లకు వెళుతుంది. ఇద్దరు ఆయుష్‌ డాక్టర్లు, ఫార్మసిస్టు, ఏఎన్‌ఎం ఉన్న బృందం ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీకి, ఒకసారి బడికి రావాలి. అంగన్‌వాడీలో ఆ పరీక్ష చూస్తే ఆటలాగే ఉంటుంది. తల్లి ఒళ్లో కూర్చున్న బిడ్డ కళ్ల ముందు ఎర్ర ఉన్ని బంతిని అటూ ఇటూ జరుపుతారు. చూపు దాని వెంట వెళుతోందా? బొమ్మను గుడ్డ కింద దాచితే వెతుకుతోందా? అనుమానం వస్తే జిల్లా స్థాయి సత్వర చికిత్స కేంద్రానికి పంపాలి.

ఏడాదికి రెండుసార్లంటే మధ్యలో ఆరు నెలలు. ఏడాది బిడ్డకు ఆరు నెలలంటే సగం జీవితం. అందుకే ఈ ఏర్పాటులో అసలు బలం ఆశా కార్యకర్తే. ఆస్పత్రిలో కాన్పయితే 42 రోజుల్లో ఆరుసార్లు ఇంటికి వెళ్లాలి. 2018 నుంచి 3, 6, 9, 12, 15 నెలలకు కూడా వెళ్లాలన్న నియమం తోడైంది. గడప దగ్గర కూర్చుని అడిగే ఆమెకు తల్లి చెప్పుకొనే మాటలు వ్యాన్‌ దిగిన బృందానికి వినబడవు.

ఆదిలాబాద్‌ వైపు వెళితే ఆ మాటలే మారిపోతాయి. ఉట్నూరు, ఇంద్రవెల్లి గూడేల్లో తల్లి మాట్లాడేది గోండీ లేదా కొలామీ, ప్రశ్న వచ్చేది తెలుగులో. “పేరు పెట్టి పిలిస్తే చూస్తడా?” అన్నప్పుడు ఆమె మర్యాదకు తలూపేస్తే పరీక్ష అక్కడితో ముగిసినట్టే. తల్లి భాష తెలిసిన ఆశ, అంగన్‌వాడీ టీచరు పక్కనుంటేనే ఆ జవాబుకు విలువ. ఆ తర్వాత దూరం. చికిత్సకు వారం వారం ఆదిలాబాద్‌ రిమ్స్‌ ఆస్పత్రికి రమ్మంటే పత్తి ఏరే రోజుల్లో కూలి పోతుంది. దూరం తగ్గించిన ఉదాహరణా ఈ నేలమీదే ఉంది. ఎల్వీ ప్రసాద్‌ నేత్ర వైద్య సంస్థ తన తొలి గ్రామీణ కంటి ఆస్పత్రిని 1996లో అప్పటి ఆదిలాబాద్‌ జిల్లా ముథోల్‌లోనే తెరిచింది. కంటి వైద్యం ఊరి దగ్గరికి రాగలిగినప్పుడు మాట నేర్పే, నడక నేర్పే వైద్యం కూడా రాగలదు. మండలాల్లో విద్యాశాఖ నడిపే భవిత కేంద్రాలు ఇందుకు పనికొచ్చేవే, కానీ అవి ముఖ్యంగా బడి ఈడు పిల్లల కోసం. తొలి రెండేళ్ల పిల్లలకు ఊరి దగ్గర అలాంటి చోటు కావాలి.

ఇలాంటి థెరపీకి యంత్రాలే అక్కర్లేదు. నడుము నిలవని బిడ్డను గోడ మూలన రెండు దిండ్ల మధ్య కూర్చోబెట్టి, అందీ అందని దూరంలో గిన్నె పెట్టి గరిటతో చప్పుడు చేయడం ఒక వ్యాయామం. ఎలా కూర్చోబెట్టాలో, ఎంతసేపో థెరపిస్టు ఒకసారి తల్లి చేత చేయించి చూపిస్తే, మిగిలిన రోజులు ఆమే చేయగలదు. తల్లీబిడ్డల కార్డులో ఏ నెలకు బిడ్డ ఏం చేయాలో బొమ్మలతో సహా ఉంటుంది. చాలా ఇళ్లలో టీకాల తేదీ కోసమే ఆ కార్డు బయటికి తీస్తారు. తొమ్మిదో నెల టీకాకు వెళ్లినప్పుడు బొమ్మలున్న పేజీ కూడా తెరిచి, బిడ్డ ఇంకా చేయనిది ఒక్కటున్నా వేలుపెట్టి ఏఎన్‌ఎంకు చూపించవచ్చు.