వైరింగ్ మారితే... పాత జీపుకు కొత్త ఊపిరి!

రఘునాథపల్లి మీదుగా సాగే హైదరాబాద్-వరంగల్ రహదారిపై రాత్రివేళ పాత పికప్ జీపు వెళ్తుంటే హెడ్‌లైట్లే దిక్కు. అవి ఉన్నట్టుండి ఆరిపోతే?

మహీంద్రా సంస్థ మనదేశంలో విల్లీస్ జీపుల్ని బిగించడం మొదలుపెట్టింది 1947లో. ఆ తరం బండ్లలో వైర్లకు నూలు అల్లికే తొడుగు. ఏళ్ల తరబడి వేడికీ, నూనెకీ అది పెళుసుబారి ఊడిపోతుంది. లోపలి రాగితీగ బాడీకి తగిలితే షార్టే... ఒక్కోసారి మంటలే!

అందుకే టేపు చుట్టి నెట్టుకొచ్చేకన్నా కొత్త వైరింగ్ కిట్ వేయించడం మేలు. ముందుగా బ్యాటరీ ఎర్త్ వైరు విప్పాలి. పాత వైర్లకు చీటీలు కట్టి, ఏది ఎటెళ్తుందో రాసుకోవాలి. ఎర్త్ బిగించేచోట తుప్పూ, పెయింటూ గీకేయాలి. హెడ్‌లైట్లకు రిలే పెడితే స్విచ్‌పై భారం తగ్గుతుంది. ఫ్యూజు పోయినచోట వైరుముక్క మాత్రం చుట్టొద్దు. తాను మాడి బండిని కాపాడేది అదే మరి!