లింకన్ గృహం (స్ప్రింగ్‌ఫీల్డ్)

లింకన్ గృహం అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని ఇల్లినాయ్ రాష్ట్ర రాజధాని స్ప్రింగ్‌ఫీల్డ్ నగరంలో ఉన్న చారిత్రక గృహం. ఎనిమిదవ వీధి, జాక్సన్ వీధి కలిసే మూలన ఉన్న ఈ రెండంతస్తుల కొయ్య ఇంటిలో అబ్రహాం లింకన్ 1844 నుండి 1861 వరకు కుటుంబంతో నివసించాడు. జీవితం మొత్తంలో ఆయన సొంతం చేసుకొన్న ఇల్లు ఇదొక్కటే. పాఠ్యపుస్తకాలలో కనిపించే దుంగల కుటీరం కెంటకీ రాష్ట్రంలోని ఆయన జన్మస్థలానికి సంబంధించినది. ఆ రెండింటినీ ఒకటిగా భావించరాదు.

అమెరికా 16వ అధ్యక్షుని ఇల్లుగా ఇది ప్రసిద్ధి పొందినప్పటికీ, అధ్యక్షుడిగా లింకన్ ఈ ఇంట ఒక్క రోజు కూడా గడపలేదు. ఇది ఒక మాజీ రాష్ట్ర శాసనసభ్యుని ఇల్లు, ఒక న్యాయవాది ఇల్లు. ఆ దృష్టితో చూసినప్పుడే దీని విశేషం బోధపడుతుంది.

రాష్ట్ర రాజకీయాలు

లింకన్ 1834లో విగ్ పార్టీ తరఫున ఇల్లినాయ్ ప్రతినిధుల సభకు ఎన్నికై, వరుసగా నాలుగు పర్యాయాలు సభ్యుడిగా ఉన్నాడు. అప్పట్లో రాష్ట్ర రాజధాని వాండేలియా. సంగమన్ కౌంటీ నుండి ఎన్నికైన తొమ్మిదిమంది ప్రతినిధులు రాజధానిని తమ ప్రాంతంలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌కు మార్పించడానికి గట్టిగా పనిచేశారు. అందరూ పొడగరులు కావడంతో వారిని "లాంగ్ నైన్" అని పిలిచేవారు. లింకన్ వారిలో ప్రముఖుడు. 1837లో శాసనసభ ఇందుకు అంగీకరించింది. అదే సంవత్సరం లింకన్ స్ప్రింగ్‌ఫీల్డ్‌లో స్థిరపడి న్యాయవాద వృత్తి ప్రారంభించాడు. 1839లో రాజధాని అక్కడికి మారింది. తాను పట్టుబట్టి తెచ్చిన రాజధానిలోనే ఆయన తరువాత ఇల్లు కట్టుకొన్నాడని కొందరు అనుకొంటారు, కానీ ఆయన ఇల్లు కట్టలేదు, కొన్నాడు.

కొనుగోలు, విస్తరణ

ఈ ఇంటిని 1839లో ఎపిస్కోపల్ మతాచార్యుడు చార్లెస్ డ్రెస్సర్ కోసం నిర్మించారు. 1842 నవంబరు 4న లింకన్, మేరీ టాడ్‌ల వివాహం జరిపించినది ఈయనే. 1844లో లింకన్ ఆయన వద్దనే ఇంటిని 1,500 డాలర్లకు కొన్నాడు. అందులో 1,200 డాలర్లు నగదు, మిగిలినదానికి బదులుగా 300 డాలర్ల విలువగల స్థలం ఇచ్చాడు.

అప్పటికి ఇది ఒకటిన్నర అంతస్తుల చిన్న ఇల్లు. పై భాగంలో కప్పు ఏటవాలుగా ఉండడం వలన అక్కడ నిటారుగా నిలబడే చోటు తక్కువ. ఆరడుగుల నాలుగు అంగుళాల మనిషికి అది ఎంత ఇబ్బందో ఊహించవచ్చు. కుటుంబం పెరిగి, వృత్తిలో రాబడి పెరిగిన తరువాత 1855-56లో సుమారు 1,300 డాలర్ల ఖర్చుతో ఇంటిని పూర్తి రెండంతస్తులుగా మార్చారు. మేరీకి తండ్రి ఇచ్చిన 80 ఎకరాల భూమిని 1854లో 1,200 డాలర్లకు అమ్మారు. లింకన్ ఉన్నతికి ఆమె, ఆమె పుట్టింటివారు చేసిన సహాయం గురించి రచయితలు తగినంతగా చెప్పలేదనే అనిపిస్తుంది.

దంపతుల నలుగురు కుమారులలో ముగ్గురు, అనగా ఎడ్వర్డ్, విలియం, థామస్ ఈ ఇంటనే పుట్టారు. ఎడ్వర్డ్ నాలుగేళ్ళు నిండకముందే 1850 ఫిబ్రవరి 1న ఇక్కడే మరణించాడు.

1860 నాటి సంఘటనలు

1860 మే నెలలో షికాగోలో జరిగిన రిపబ్లికన్ పార్టీ సమావేశం లింకన్‌ను అధ్యక్ష పదవికి అభ్యర్థిగా ఎన్నుకొంది. మే 19 సాయంత్రం పార్టీ ప్రతినిధి వర్గం ఈ ఇంటి ముందుగదికి వచ్చి ఆ సంగతి లాంఛనంగా తెలియజేసింది. అతిథులకు మద్యం బదులు చల్లని మంచినీరు ఇచ్చారు. ఆగస్టు 8న పార్టీ ఊరేగింపు ఇంటి ముందు నుండి సాగింది. ఆనాటి ఛాయాచిత్రంలో తెల్లని దుస్తులలో గుమ్మం దగ్గర నిలిచిన లింకన్ కనిపిస్తాడు.

1861 ఫిబ్రవరి 6న దంపతులు ఇక్కడ వీడ్కోలు విందు ఇచ్చారు. సామాను చాలావరకు అమ్మివేసి, ఇంటిని రైల్వే సంస్థ అధ్యక్షుడు లూషియన్ టిల్టన్‌కు సంవత్సరానికి 350 డాలర్ల అద్దెకు ఇచ్చారు. పెంపుడు కుక్క ఫైడోను ఇరుగుపొరుగున ఉన్న రోల్ కుటుంబానికి అప్పగించారు. ఫిబ్రవరి 11న లింకన్ వాషింగ్టన్‌కు రైలెక్కాడు. తిరిగి వచ్చినది 1865 మే నెలలో, ఆయన పార్థివ శరీరం మాత్రమే. ఇంటికి అప్పుడు నల్లని వస్త్రాలు కట్టారు.

సంరక్షణ

టిల్టన్ తాను కొన్న లింకన్ సామానును తరువాత షికాగోకు తీసుకుపోగా, 1871 నాటి మహా అగ్నిప్రమాదంలో అది కాలిపోయింది. 1880 దశకంలో అద్దెకు వచ్చిన ఆస్‌బర్న్ ఓల్డ్‌రాయిడ్ లింకన్ వస్తువుల సేకర్త. ఆయన తన సేకరణను ఇంటిలోనే ప్రదర్శించాడు.

1887లో లింకన్ పెద్దకుమారుడు రాబర్ట్ ఈ ఇంటిని ఇల్లినాయ్ రాష్ట్రానికి దానం చేశాడు. ఇంటిని మంచి స్థితిలో ఉంచాలి, ప్రజలకు ప్రవేశం ఉచితంగా ఉండాలి అన్నవి ఆయన షరతులు. ఇంటి చరిత్రలో అన్నిటికన్న ముఖ్యమైన పత్రం బహుశా ఇదే. ఓల్డ్‌రాయిడ్ మొదటి సంరక్షకుడయ్యాడు. 1893లో డెమోక్రటిక్ పార్టీకి చెందిన ఆల్ట్‌గెల్డ్ గవర్నరు కాగానే ఆ పదవి పోయింది. అధికారం మారితే ఉద్యోగాలు మారడం ఆనాటి రాష్ట్ర రాజకీయాలలో మామూలే. ఓల్డ్‌రాయిడ్ తన సేకరణతో వాషింగ్టన్ చేరి, లింకన్ కన్నుమూసిన పీటర్సన్ గృహంలో దానిని ప్రదర్శించాడు.

1960లో జాతీయ చారిత్రక చిహ్నంగా గుర్తింపు లభించింది. 1971లో చట్టం ద్వారా జాతీయ చారిత్రక స్థలంగా ప్రకటించిన తరువాత నిర్వహణ జాతీయ పార్కుల సేవా సంస్థకు చేరింది. 1987-88లో ఇంటిని పూర్తిగా పునరుద్ధరించారు. 1861 మార్చిలో ఫ్రాంక్ లెస్లీ పత్రిక ప్రచురించిన గదుల చిత్రాలు ఇందుకు ఎంతగానో తోడ్పడ్డాయి. సందర్శకులు చూసే సామానులో కొంత మాత్రమే లింకన్ కుటుంబానిది. మిగిలినది ఆ కాలానికి తగినట్లు సమకూర్చినది. 1860లో కొన్న వంటపొయ్యి అసలుదే.

పరిసరాలు

ఇంటి చుట్టూ ఉన్న వీధులను కూడా 1860 నాటి రూపంలో నిలిపారు. అదే వీధిలో జేమ్సన్ జెంకిన్స్ అనే నల్లజాతీయుడు ఉండేవాడు. బండి తోలడం ఆయన వృత్తి. బానిసత్వం నుండి పారిపోయి వచ్చినవారికి సహాయం చేసినట్లు దాఖలాలున్నాయి. చివరిరోజు లింకన్‌ను బండిలో రైలుస్టేషనుకు చేర్చినది ఈయనే. ఆయన ఇల్లు నేడు లేదు, స్థలాన్ని మాత్రం గుర్తించి ఉంచారు. 1908 ఆగస్టులో ఇదే నగరంలో నల్లజాతీయులపై తెల్లవారి గుంపులు దాడులు చేసి ఇళ్ళు తగులబెట్టాయి. మరుసటి సంవత్సరం నల్లజాతీయుల హక్కుల కోసం జాతీయ సంఘం ఏర్పడడానికి అది ఒక ముఖ్య కారణమైంది. ఆ దాడులు జరిగిన చోటును 2024లో జాతీయ స్మారకంగా ప్రకటించారు.