ఒకే రొట్టె... ఊరికో పేరు!

అమెరికాలో అమ్మాయి పురిటికనో, మనవణ్ణి చూసుకోవడానికనో వెళ్లిన తల్లులకు అక్కడి తిండి పేర్లు ఒక పట్టాన కొరుకుడు పడవు. ముఖ్యంగా ఆ పొడుగు శాండ్‌విచ్! జానెడు నుంచి మూరెడు దాకా ఉండే రొట్టెని పొడుగునా చీల్చి, మధ్యలో నాలుగు రకాలు కూరి, కాగితంలో చుట్టి ఇస్తారు చూడండి, అదే. న్యూజెర్సీలోని ఎడిసన్‌లో దాన్ని 'సబ్' అన్నారు కదా అని గుర్తుపెట్టుకుంటే, కారులో గంటన్నర దూరం కూడా లేని ఫిలడెల్ఫియాలో 'హోగీ' అంటారు. న్యూయార్క్‌లో పాతకాపులకి అది 'హీరో'. ఆ నగరానికి కాస్త ఉత్తరాన వెస్ట్‌చెస్టర్‌లో 'వెడ్జ్'. కనెక్టికట్, మసాచుసెట్స్ వైపు వెళ్తే 'గ్రైండర్'. కిందకి న్యూ ఆర్లియన్స్ వెళ్తే 'పోబాయ్'.

ఇందులో వింతేముంది, మన గోంగూర తెలంగాణలో పుంటికూర కాలేదా, కోస్తా మరమరాలు అనంతపురంలో బొరుగులు కాలేదా అంటారేమో. నిజమే. కానీ పుంటికూర అన్నా గోంగూర అన్నా పులుపు ఒకటే. ఈ రొట్టెల సంగతి అలా కాదు. పేరుతో పాటు రొట్టె మారుతుంది, చాలాచోట్ల లోపలి సరుకూ మారుతుంది. మాంసం ముట్టనివాళ్లు, పశుమాంసం పనికిరానివాళ్లు పేరు ఒక్కటే చూసి కొంటే ఇబ్బంది పడతారు.

వీటిలో చాలావాటికి పుట్టిల్లు ఇటలీ నుంచి వలస వచ్చిన కుటుంబాల దుకాణాలు. రేవుల్లో, ఫ్యాక్టరీల్లో పనిచేసే మగవాళ్లకి మధ్యాహ్నం చేత్తో పట్టుకుని తినే భోజనం కావాలి. పళ్లెం, చెంచా కుదరవు. మెయిన్ రాష్ట్రంలోని పోర్ట్‌లండ్‌లో ఇరవయ్యో శతాబ్దం మొదట్లో జియోవానీ అమాటో అనే రొట్టెల వ్యాపారి, రేవు కూలీలు అడిగారని, మెత్తటి రొట్టెని చీల్చి మాంసం, చీజ్, కూరగాయ ముక్కలు పెట్టి అమ్మాడని అక్కడివాళ్లు చెబుతారు. ఆ రాష్ట్రంలో ఇప్పటికీ దాని పేరు 'ఇటాలియన్'. అంతే, రెండో మాట లేదు.

హోగీకి కూడా ఓ కథ ఉంది. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ఫిలడెల్ఫియా దగ్గర హాగ్ ఐలండ్ ఓడల కర్మాగారంలో కూలీలు తినేవారట, అందుకే హోగీ అయిందట. వినడానికి బాగుంది గానీ, భాష మీద పరిశోధన చేసేవాళ్లు దీన్ని గట్టిగా నమ్మరు. ఆ కర్మాగారం మూతపడ్డాక చాలా ఏళ్లకి గానీ ఈ మాట అచ్చులో కనబడలేదు మరి! ఏమైతేనేం, ఫిలడెల్ఫియావాళ్లకి అదంటే ఎంత అభిమానమంటే 1992లో మేయర్ ఎడ్ రెండెల్ హోగీని ఆ నగర అధికారిక శాండ్‌విచ్‌గా ప్రకటించారు.

సబ్ అంటే సబ్‌మెరీన్, జలాంతర్గామి. ఆకారం చూసి పెట్టిన పేరు. 1965లో కనెక్టికట్‌లోని బ్రిడ్జ్‌పోర్ట్‌లో ఫ్రెడ్ డెలూకా అనే పదిహేడేళ్ల కుర్రాడు, తమ కుటుంబానికి తెలిసిన పీటర్ బక్ ఇచ్చిన వెయ్యి డాలర్లతో కొట్టు పెట్టాడు. అదే తర్వాత సబ్‌వే అయింది. 2001లో మన దేశానికీ వచ్చింది. హైదరాబాద్‌లో మన పిల్లలు 'సబ్' అంటున్నారంటే ఆ చలవే. గ్రైండర్ అంటే మాత్రం మన పిండి రుబ్బే గ్రైండర్ గుర్తొస్తుంది కదూ! పెద్దగా పొరబాటేం కాదు. గట్టి రొట్టెని పళ్లతో నూరాలి గనక ఆ పేరు వచ్చిందని చెబుతారు.

అన్నిటిలోకీ మనసుని తాకేది పోబాయ్ కథ. 1929 జూలైలో న్యూ ఆర్లియన్స్‌లో ట్రామ్ కార్మికులు సమ్మెకి దిగారు. సమ్మె నెలల తరబడి సాగింది, గొడవలయ్యాయి, జీతాల్లేక ఇళ్లలో పొయ్యి వెలగని పరిస్థితి. ఆ ఊళ్లో బెన్నీ మార్టిన్, క్లోవిస్ మార్టిన్ అనే అన్నదమ్ములు హోటల్ నడిపేవారు. వాళ్లూ ఒకప్పుడు ట్రామ్ కండక్టర్లే. సమ్మె చేస్తున్నవాళ్లకి ఉచితంగా భోజనం పెడతామని ఉత్తరం రాసి మరీ పిలిచారు. ఆకలిగా వచ్చిన మనిషిని చూసి "అదుగో, ఇంకో పేద కుర్రాడు వస్తున్నాడు" అనేవారట. పేద కుర్రాడు అంటే పూర్ బాయ్. అది నలిగి నలిగి పోబాయ్ అయింది.

ఇక్కడ మనం మెచ్చుకోవలసిన వంటింటి తెలివి ఒకటుంది. అక్కడి ఫ్రెంచ్ రొట్టె రెండు చివరలా సన్నగా ఉండేది. కోస్తే చివరి ముక్కలు వృథా. అంతమందికి పెట్టాలంటే అలా పారేస్తే ఎలా? జాన్ జెండూసా అనే రొట్టెలు కాల్చే ఆయనతో మాట్లాడి, ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకే లావుండే 40 అంగుళాల రొట్టె చేయించారు. రెండు మూరలకి పైమాటే! ఎక్కడ కోసినా ముక్క సమానం, అందరికీ సమానం.

ఇక, శాకాహారులు జాగ్రత్తపడాల్సిన సంగతులు. పోబాయ్‌లో మామూలుగా వేయించిన రొయ్యలు, ఆల్చిప్పలు, లేదా పశుమాంసం ఉంటాయి. బంగాళాదుంప వేపుడు పెట్టిందీ దొరుకుతుంది. అది చూసి అమ్మయ్య అనుకోకండి, దాని మీద పోసే పులుసు తరచూ పశుమాంసం ఉడికించినదే. పులుసు లేకుండా ఇమ్మని అడగాలి. ఫిలడెల్ఫియాలో 'చీజ్‌స్టేక్' అని ఉంటే పేరులో చీజ్ ఉందని మోసపోవద్దు, అది సన్నగా తరిగిన పశుమాంసం. 'ఇటాలియన్' అన్నదాంట్లో హ్యామ్, సలామీ ఉంటాయి, అంటే ఎక్కువగా పంది మాంసం. హోగీలో వేసే ప్రొవలోన్ చీజ్‌కి సంప్రదాయంగా దూడ, మేకపిల్ల పొట్టలోంచి తీసిన రెన్నెట్‌తో పాలు విరగ్గొడతారు. ఆ పట్టింపు ఉన్నవాళ్లు అదీ అడిగి తెలుసుకోవాలి.

మనకి నచ్చేది న్యూయార్క్ వంకాయ హీరో. వంకాయ చక్రాలు వేయించి, టమాటా గుజ్జు, చీజ్ వేసి వేడివేడిగా ఇస్తారు. అక్కడ వంకాయని గుడ్డుసొనలో ముంచుతారు. గుడ్డు లేకుండా మనింట్లో ఇలా చేసుకోవచ్చు.

పెద్ద వంకాయలు రెండు (భర్తా చేసే రకం) అర అంగుళం మందాన చక్రాలు కోసి, ఉప్పు రాసి అరగంట ఉంచి, నీరు పిండి తుడవండి. నాలుగు చెంచాల మైదా, రెండు చెంచాల కార్న్‌ఫ్లోర్, చిటికెడు ఉప్పు నీళ్లతో జారుగా కలిపి, చక్రాలు అందులో ముంచి, రొట్టెపొడి అద్ది, పెనం మీద కాస్త ఎక్కువ నూనెతో రెండు వైపులా ఎర్రగా కాల్చండి. ఆరు వెల్లుల్లి రెబ్బలు నూనెలో వేగాక ఆరు పండు టమాటాల గుజ్జు, ఉప్పు, అర చెంచా మిరప్పొడి వేసి నీరు ఇగిరేదాకా ఉడికించండి. చివర్లో తులసి రెమ్మలో ఒరెగానో పొడో వేయండి. గుజ్జు పలచగా ఉంటే రొట్టె నానిపోతుంది సుమా!

నాలుగు పొడుగు బన్నుల్ని ఒక అంచు విడిపోకుండా చీల్చి, లోపల కాస్త మెత్తటి భాగం తీసేసి (ఆరబెడితే అదే రొట్టెపొడికి పనికొస్తుంది), లోపలి వైపు పెనం మీద వెచ్చచేయండి. గుజ్జు, వంకాయ, పైన పచ్చచుక్క ఉన్న చీజ్ తురుము. మూతపెట్టి సన్నని సెగ మీద చీజ్ కరిగేదాకా ఉంచి, దింపి ఐదు నిమిషాలాగి కోయండి. వెంటనే కోస్తే లోపలిదంతా జారిపోతుంది.