ఫైర్‌వాల్ హెచ్చరికల భాష: తెలుగు వినియోగదారుని దృష్టితో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం: డెస్క్‌టాప్ కంప్యూటరులో ఫైర్‌వాల్ చూపే హెచ్చరిక చాలామందికి అర్థం కాదు. దీనికి వినియోగదారుల సాంకేతిక అజ్ఞానమే కారణమని సాధారణంగా భావిస్తారు. హెచ్చరికలోని పదాలు, వాక్యనిర్మాణం, ఉదాహరణలు కూడా ఈ సమస్యకు కారణమని విండోస్ ఫైర్‌వాల్ ఆధారంగా నిరూపించడం, తెలుగులో హెచ్చరిక ఎలా ఉండాలో సూచించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: ఫైర్‌వాల్, హెచ్చరిక, వినియోగ సౌలభ్యం, స్థానికీకరణ, తెలుగు ఇంటర్‌ఫేస్, నందికొండ.

1. ప్రవేశిక

నందికొండ పరిసరాల విద్యార్థులు చదివే ఒక డిగ్రీ కళాశాలలో ఎదురైన అనుభవం ఈ పరిశీలనకు ప్రేరణ. అధ్యాపకుని తెరను విద్యార్థుల కంప్యూటర్లలో చూపే సాఫ్ట్‌వేర్‌ను ప్రయోగశాలలో కొత్తగా పెట్టుకున్నాం. మొదటిసారి తెరవగానే ఫైర్‌వాల్ హెచ్చరిక వచ్చింది. పాఠం మధ్యలో ఉన్నందువల్ల, తర్వాత చూడవచ్చుననుకొని 'క్యాన్సిల్' నొక్కాను. ఆ హెచ్చరిక మళ్లీ రాలేదు. విద్యార్థుల కంప్యూటర్లు మాత్రం నా కంప్యూటరును చేరలేకపోయాయి. కేబుళ్లు మార్చాం, సాఫ్ట్‌వేర్‌ను తీసివేసి మళ్లీ పెట్టాం. ఫలితం లేదు. వారం రోజుల పాఠాలు పోయిన తర్వాత అసలు కారణం తెలిసింది. నేను వాయిదా వేశాననుకున్న ప్రశ్నకు కంప్యూటరు 'వద్దు' అనే సమాధానం రాసుకొని ఉంచింది.

ఇది ఒక వ్యక్తి పొరపాటా, హెచ్చరికలోని లోపమా అన్నది పరిశీలించవలసిన విషయం.

2. ఫైర్‌వాల్ - పేరు, పని

భవనాలలో మంటలు ఒక భాగం నుండి మరొక భాగానికి వ్యాపించకుండా కట్టే గోడకు ఆంగ్లంలో ఉన్న పేరే కంప్యూటరు రంగంలోకి వచ్చింది. దీనిని 'అగ్నిగోడ' అని మక్కికి మక్కి అనువదిస్తే తెలుగు పాఠకునికి నిప్పు స్ఫురిస్తుందే తప్ప రాకపోకల నియంత్రణ స్ఫురించదు. పైగా 'గోడ' అంటే దేనినీ పోనివ్వనిది. ఫైర్‌వాల్ అటువంటిది కాదు. కొన్నింటిని ఆపి, కొన్నింటిని పోనిస్తుంది.

నందికొండ విద్యార్థులకు దీనిని వివరించడానికి నాగార్జునసాగర్ ఆనకట్ట తగిన ఉదాహరణ. 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన ఈ ఆనకట్టకు 26 క్రస్ట్ గేట్లు ఉన్నాయి. అది నీటిని ఆపే గోడే అయినా, నియమం ప్రకారం వదిలే గోడ కూడా. ఫైర్‌వాల్ స్వభావం దీనికి దగ్గరగా ఉంటుంది.

అయితే ఒక భేదం ఉంది. గేటు ఎత్తే నిర్ణయం తీసుకొనేవారికి జలాశయ మట్టం, ఎగువ నుండి వచ్చే ప్రవాహం తెలుసు. పూర్తి మట్టం 590 అడుగులన్న కొలమానం వారి ముందుంటుంది. దిగువ గ్రామాలవారికి అందేది హెచ్చరిక మాత్రమే. గేటు ఎత్తాలా వద్దా అని వారిని ఎవరూ అడగరు. ఫైర్‌వాల్ 'హెచ్చరిక' పేరుతో వచ్చి వినియోగదారుణ్ణి నిర్ణయం అడుగుతుంది; నిర్ణయానికి కావలసిన సమాచారాన్ని మాత్రం ఇవ్వదు. అంటే రూపంలో ప్రకటన, ప్రయోజనంలో ప్రశ్న. సమస్యకు మూలం ఇక్కడే ఉంది.

3. 'రద్దు' అర్థం

2004లో విడుదలైన విండోస్ ఎక్స్‌పీ సర్వీస్ ప్యాక్ 2తో ఫైర్‌వాల్ ముందుగానే అమలులో ఉండే ఏర్పాటు వచ్చింది. నాటి హెచ్చరికలో మూడు బటన్లు ఉండేవి: అడ్డుకోవడాన్ని కొనసాగించు, అడ్డు తొలగించు, తర్వాత అడుగు. 2009 నాటి విండోస్ 7లో రెండే మిగిలాయి: అనుమతించు, క్యాన్సిల్. 'తర్వాత అడుగు' అనే అవకాశం పోయింది. ఆ ఖాళీని 'క్యాన్సిల్' పూరిస్తుందని వినియోగదారుడు భావిస్తాడు. వాస్తవంలో క్యాన్సిల్ నొక్కితే ఆ ప్రోగ్రామును అడ్డుకొనే నియమాలు ఏర్పడతాయి. సాధారణంగా టీసీపీకి ఒకటి, యూడీపీకి ఒకటి. అనుమతి నియమం, అడ్డుకొనే నియమం పరస్పరం విరుద్ధమైతే అడ్డుకొనేదే చెల్లుతుంది. కాబట్టి తర్వాత అనుమతి నియమం చేర్చినా, పాత నియమాన్ని తొలగించేవరకు ప్రయోజనం ఉండదు.

తెలుగు ఇంటర్‌ఫేసుల్లో క్యాన్సిల్‌కు 'రద్దు చేయి' అని వాడుతున్నారు. తెలుగులో 'రద్దు' అంటే అంతకుముందు ఉన్నదాన్ని లేకుండా చేయడం: రైలు రద్దు, పరీక్ష రద్దు. ఇక్కడ ఆ మాట కొత్త నియమాన్ని సృష్టిస్తున్నది. పదం చెప్పే అర్థానికి, జరిగే పనికి మధ్య ఉన్న ఈ వైరుధ్యమే మా ప్రయోగశాలలో వారం పాఠాలను పోగొట్టింది.

నిర్వాహక అధికారం లేని ఖాతాలో పరిస్థితి మరింత జటిలం. అక్కడ హెచ్చరికే రాదు. చాలా సందర్భాలలో అడ్డుకొనే నియమం మౌనంగా ఏర్పడుతుంది. కళాశాలల్లో విద్యార్థులకు ఇచ్చే ఖాతాలు ఎక్కువగా ఇటువంటివే.

4. దిశ తెలపని వాక్యం

విండోస్ ఫైర్‌వాల్ సాధారణ అమరికలో బయటి నుండి లోపలికి వచ్చే అనుసంధానాలను ఆపుతుంది. లోపలి నుండి బయటికి వెళ్లేవాటిని పోనిస్తుంది. హెచ్చరిక వచ్చేది లోపలికి వచ్చేవాటి విషయంలోనే. కాని అందులోని వాక్యం ప్రోగ్రాములోని 'కొన్ని సదుపాయాలను' అడ్డుకున్నట్లు చెబుతుంది. ఏ సదుపాయాలు? ఎవరు ఎవరి వద్దకు వస్తున్నారు? సమాధానం లేదు. 'యాక్సెస్'కు సమానార్థకంగా వాడుతున్న 'ప్రాప్యత' అనే నామవాచకం కూడా దిశను దాచివేస్తుంది. క్రియతో, 'నుండి', 'లోకి' వంటి ప్రత్యయాలతో వాక్యం రాస్తే దిశ తనంతట తానే వ్యక్తమవుతుంది.

5. పరాయి ఉదాహరణలు

విండోస్ 7, 10 హెచ్చరికల్లో బహిరంగ నెట్‌వర్కుకు విమానాశ్రయాన్ని, కాఫీ దుకాణాన్ని ఉదాహరణలుగా చూపారు. హిల్ కాలనీ, పైలాన్ కాలనీల నుండి వచ్చే విద్యార్థి ఎదుర్కొనే సందేహాలు వేరు. హాస్టల్ వైఫై సొంతమా, బహిరంగమా? స్నేహితుని ఫోన్ హాట్‌స్పాట్ ఏ కోవకు చెందుతుంది? మీసేవ కేంద్రం కార్యాలయమా, బహిరంగ స్థలమా? ఉదాహరణలను అనువదిస్తే ఈ సందేహాలు తీరవు. వాటిని మార్చవలసి ఉంటుంది.

2011లో బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయ పరిశోధకులు ఇటుకగోడ, తాళం వేసిన తలుపు, దొంగ బొమ్మలతో ఫైర్‌వాల్ హెచ్చరికలను రూపొందించి పరీక్షించారు. మామూలు హెచ్చరికల కంటే ఇవి ప్రమాదాన్ని బాగా అర్థం చేయించాయి. పరిచితమైన రూపకం అవగాహనను పెంచుతుందన్న విషయం సాహిత్య విద్యార్థులకు కొత్త కాదు.

6. ప్రతిపాదిత తెలుగు హెచ్చరిక

పై చర్చ ఆధారంగా హెచ్చరికను ఇలా రాయవచ్చు:

"ఈ ప్రోగ్రాము బయటి కంప్యూటర్ల నుండి మీ కంప్యూటరులోకి అనుసంధానాలను రానివ్వాలని కోరుతోంది. ప్రస్తుతం ఆపి ఉంచాం. దీనిని ఇప్పుడు మీరే తెరిచారా? ఈ నెట్‌వర్కులో ఉన్నవారు మీకు తెలిసినవారేనా?"

బటన్లు: 'రానివ్వు', 'ఎప్పుడూ రానివ్వవద్దు', 'ఇప్పటికి ఆపి, మళ్లీ అడుగు'.

రెండు ప్రశ్నలకూ సమాధానం వినియోగదారునికి తెలిసే ఉంటుంది. ప్రతి బటనూ జరగబోయే పనినే చెబుతుంది.

7. ముగింపు

 1. ఫైర్‌వాల్ హెచ్చరిక ప్రకటన రూపంలో ఉన్న ప్రశ్న. ఆ సంగతి వాక్యంలో స్పష్టం కావాలి.
 2. 'రద్దు చేయి' అనే బటన్ వాయిదా అనే భ్రమ కలిగించి, నిషేధాన్ని అమలు చేస్తుంది.
 3. పదానికి పదం అనువాదం దిశను, సందర్భాన్ని కోల్పోతుంది.

స్థానికీకరణను సాంకేతిక నిపుణుల పనిగా మాత్రమే భావించడం వల్ల తెలుగు శాఖలు దీనికి దూరంగా ఉన్నాయి. అనువాద పాఠ్యాంశాలలో కథలు, వ్యాసాలతో పాటు కంప్యూటరు హెచ్చరికలను కూడా అభ్యాసాలుగా ఇవ్వవచ్చు. ఒక్క బటన్‌పై సరైన క్రియాపదం ఉంటే తరగతి గదిలో ఒక వారం మిగులుతుంది.